కరాచీ - బొంబాయి ఆకాశమార్గం

కరాచీ విమానాశ్రయం నుంచి ముంబయి విమానాశ్రయానికి గగనమార్గాన దూరం సుమారు 870 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ముంబయికి ఉన్న దూరంతో పోలిస్తే ఇది ఒకటిన్నర రెట్లకు కొంచెం తక్కువ. దారిలో అడ్డుపడే పర్వతశ్రేణులు లేవు. సింధునది ముఖద్వారపు చిత్తడి నేలలు, కచ్ ప్రాంతపు ఉప్పు మైదానాలు, కాఠియావాడ్ తీరం దాటితే బొంబాయి రేవు కనిపిస్తుంది. జెట్ విమానానికి ఇది గంటన్నర పని. యంత్రాల వేగం హెచ్చినకొద్దీ ప్రయాణకాలం తగ్గడం విమానయాన చరిత్రలో సర్వసాధారణం. ఈ మార్గంలో మాత్రం ఆ సూత్రం కొంతకాలమే పనిచేసింది. ఆ తరువాత విమానాల వేగం పెరుగుతూనే వచ్చింది. ప్రయాణకాలమూ పెరుగుతూ వచ్చింది.

ఈ రెండు నగరాలు ఒకప్పుడు ఒకే రాష్ట్రంలోనివి. 1843లో సింధును జయించిన ఆంగ్లేయులు 1847లో దానిని బొంబాయి ప్రెసిడెన్సీలో కలిపారు. 1936 ఏప్రిల్ 1న సింధు ప్రత్యేక రాష్ట్రమయ్యే వరకు, అంటే దాదాపు తొంభై ఏళ్ళ పాటు, కరాచీ ప్రజల వినతిపత్రాలు బొంబాయి సచివాలయానికే వెళ్ళాయి. కరాచీలోని దయారాం జేఠ్‌మల్ కళాశాల విద్యార్థులకు పట్టాలిచ్చింది బొంబాయి విశ్వవిద్యాలయమే. వర్తకులకు, ఉద్యోగులకు, చదువుకునే పిల్లలకు రెండు రేవుల మధ్య స్టీమరు ప్రయాణం నిత్యవ్యవహారం. రైలులో వెళ్ళదలచినవారు రాజపుతానా ఎడారి అంచుల గుండా సింధు హైదరాబాదు మీదుగా చుట్టుతిరిగి చేరేవారు. సముద్రమార్గమే సూటి అయినది, చవకైనది కూడా.

ఆకాశంలో ఈ దూరాన్ని దాటాలన్న ఆలోచన మొదటి ప్రపంచయుద్ధం ముగియగానే వచ్చింది. 1920 జనవరిలో బ్రిటిష్ వాయుసేన విమానాలు బొంబాయి, కరాచీల మధ్య కొన్ని వారాలపాటు ప్రయోగాత్మకంగా టపా మోశాయి. ఆ ప్రయత్నం నిలదొక్కుకోలేదు. అటు తరువాత దాదాపు తొమ్మిదేళ్ళ పాటు ఈ దిశలో చెప్పుకోదగిన ప్రగతి లేదు. 1929 మార్చి 30న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సంస్థ లండన్ నుంచి కరాచీకి వారం వారం సర్వీసు ఆరంభించడంతో పరిస్థితి మారింది. ఐరోపాలో కొంత దూరం రైలు ఎక్కవలసి వచ్చినా, ఏడు రోజుల్లో లండన్ ఉత్తరం కరాచీకి చేరసాగింది. భారతదేశానికి వాయుద్వారం బొంబాయి కాదు, కలకత్తా కాదు, కరాచీయే అని తేలిపోయింది. బ్రిటిష్ ప్రభుత్వం అంతటితో ఆగక, సామ్రాజ్యమంతటా మహానౌకల వంటి వాయునౌకలు తిరుగుతాయన్న నమ్మకంతో, కరాచీ శివార్లలో ఒక బ్రహ్మాండమైన షెడ్డు కూడా కట్టించింది. అక్కడికి రావలసిన ఆర్-101 వాయునౌక 1930 అక్టోబరు 5న ఫ్రాన్సులో కూలి దగ్ధమైంది. ఒక్క వాయునౌకకైనా ఆశ్రయమివ్వని ఆ షెడ్డు మరో మూడు దశాబ్దాలు ఎడారిగాలిలో నిలిచి, చివరకు పాత ఇనుముగా అమ్ముడుపోయింది.

ఇలా కరాచీ దాకా వచ్చిన సీమటపాను దక్షిణాదికి అందించడం ఎలాగన్న ప్రశ్నకు జవాబుగా పుట్టినదే కరాచీ - అహమ్మదాబాదు - బొంబాయి - బళ్ళారి - మద్రాసు మార్గం. దీని రూపకల్పన నెవిల్ విన్సెంట్ అనే మాజీ వాయుసేన పైలటుది. పెట్టుబడి పెట్టినది టాటా సంస్థ. ప్రభుత్వం వైపు నుంచి నగదు సహాయం లేదు. మోసిన టపాకు మాత్రం రుసుము చెల్లిస్తామన్నారు. దేశంలో పైలటు లైసెన్సు పొందిన మొదటి వ్యక్తి, అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళవాడైన జె.ఆర్.డి. టాటా మొదటి ప్రయాణంలో విమానాన్ని తానే నడుపుతానన్నారు.

1932 అక్టోబరు 15, శనివారం. ఉదయం 6 గంటల 35 నిమిషాలకు కరాచీలోని డ్రిఘ్ రోడ్డు విమానాశ్రయం నుంచి ఒక పుస్ మాత్ విమానం బయలుదేరింది. దానికి ఉన్నది ఒకే ఇంజను. రెక్కలకూ దేహానికీ గుడ్డ తొడిగిన చిన్న విమానమది. వేగం గంటకు నూరు మైళ్ళకు అటూ ఇటూ. అందులో పైలటు తప్ప మరో మనిషి లేడు. ఉన్నదల్లా ఇరవై అయిదు కిలోల టపా. దారి చూపే రేడియో లేదు. కచ్ ఉప్పు మైదానం దాటి అహమ్మదాబాదులో దిగితే, ఇంధనపు డబ్బాలు ఎద్దుబండి మీద వచ్చి సిద్ధంగా ఉన్నాయి. భారతీయ పౌర విమానయానపు తొలి అధ్యాయంలో ఎద్దుకు కూడా ఒక పంక్తి దక్కడం ముచ్చటైన విషయం. అక్కడి నుంచి ఎగిరిన విమానం మధ్యాహ్నం 1 గంట 50 నిమిషాలకు బొంబాయి జుహూ మైదానంలో దిగింది. మొత్తం ఏడుంబావు గంటలు. స్టీమరు ప్రయాణంతో చూస్తే అది అద్భుతం.

జుహూ అని పేరే గాని అది సముద్రం ఒడ్డున ఉన్న బురద నేల. వానాకాలం వస్తే మైదానం నీటమునిగేది. అప్పుడు విమానాలను, మనుషులను, సామగ్రిని పూనాకు తరలించి అక్కడి నుంచి సర్వీసు నడిపేవారు. ఇన్ని ఇబ్బందుల నడుమ కూడా తొలి పూర్తి సంవత్సరంలో ఆ సంస్థ విమానాలు 1,60,000 మైళ్ళు ఎగిరి, 155 మంది ప్రయాణికులను, పది టన్నుల వరకు టపాను చేరవేసి, అరవై వేల రూపాయల లాభం చూపాయి. ఏడాది మొత్తానికి 155 మంది అన్న అంకె నేడు నవ్వు పుట్టించవచ్చు. ఆ మార్గానికి ప్రాణం మనిషి కాదు, ఉత్తరం. పత్తి ధరలు, బ్యాంకు డ్రాఫ్టులు, సీమలో చదువుకునే కొడుకుల లేఖలు - ఇవే దాని ప్రయాణికులు.

తొలినాడు బొంబాయి నుంచి టపా సంచులను అందుకుని బళ్ళారి మీదుగా మద్రాసు చేర్చినది విన్సెంటే. బళ్ళారి అప్పటికి మద్రాసు రాష్ట్రంలోని దత్తమండలాల పట్టణం. నటుడు బళ్ళారి రాఘవ నివసించిన ఊరు. తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే ఊరు. విమానాలకు ఇంధనం పోసే మజిలీగా ఆ పట్టణం దేశపు తొలి వాయుమార్గంలో చోటు చేసుకుంది. అనంతరకాలంలో ఆ మజిలీ హైదరాబాదుకు మారింది. కరాచీలో సూర్యోదయాన బయలుదేరిన ఉత్తరానికి తెలుగునేలను చూడకుండా మద్రాసు వెళ్ళే దారి లేదన్నమాట. ఈ మార్గానికి ఊపిరిపోసిన విన్సెంట్ 1942లో బ్రిటన్ నుంచి తిరిగి వస్తూ విమానంతో సహా అదృశ్యమయ్యారు. ఆయన ఆరంభించిన టాటా ఎయిర్‌లైన్స్ 1946లో ఎయిర్ ఇండియా అయింది. అప్పటికి డకోటా విమానాలు వచ్చాయి. ఏడుంబావు గంటల ప్రయాణం మూడున్నర గంటలలోపుకు దిగింది.

1947 ఆగస్టులో ఈ మార్గపు రెండు కొసలు రెండు దేశాలలో పడ్డాయి. విమానాలు వెంటనే ఆగలేదు. నిజానికి ఆ నెలల్లో వాటికి ఎన్నడూ లేని గిరాకీ. స్తోమత ఉన్నవారికి విమానం, మిగిలినవారికి ఓడ. 1948 జనవరి 6న కరాచీలో జరిగిన అల్లర్ల తరువాత సింధీ హిందువులు లక్షల సంఖ్యలో వలస వచ్చారు. వారిలో అధికభాగం కియామారీ రేవులో ఓడ ఎక్కి బొంబాయిలో దిగినవారే. కల్యాణ్ సమీపంలోని పాత సైనిక శిబిరంలో వారు తలదాచుకున్న చోటే 1949లో ఉల్లాస్‌నగర్ అయింది. ఎదురు దిశలో బొంబాయి నుంచి, ఉత్తరాది నుంచి, దక్కన్ నుంచి ముస్లిం కుటుంబాలు కరాచీ చేరాయి. ఆ నగరంలో నేటికీ హైదరాబాద్ కాలనీ అన్న పేట ఉంది. బహదూర్ యార్ జంగ్ పేరిట వెలసిన బహదూరాబాదు కూడలిలో చార్మినారుకు ఒక ప్రతిరూపమూ నిలబెట్టారు.

దక్కన్‌కూ ఆ నగరానికీ ఉన్న వాయుబంధం అంతకన్న చిక్కనిది. 1948 వేసవిలో నైజాం ప్రభుత్వం భారత యూనియన్‌లో చేరేందుకు నిరాకరిస్తూ ఆయుధాల కోసం వెదుకుతున్నప్పుడు, సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా దేశపు విమానచోదకుడు ఆ పనికి పూనుకున్నాడు. యుద్ధకాలపు బాంబరు నుంచి మలచిన లాంకాస్ట్రియన్ విమానాలను కరాచీలో ఉంచి, రాత్రివేళ భారత భూభాగం మీదుగా సుమారు 1,400 కిలోమీటర్లు ఎగిరి, బీదరు, వరంగల్లు వంటి చోట్ల దింపేవాడు. వెలుపలి లోకంతో నైజాం రాజ్యానికి మిగిలిన బంధం ఈ చీకటి ప్రయాణాలే. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో అవి ముగిశాయి. కాటన్‌కు ఇంగ్లండులోని న్యాయస్థానం జరిమానా విధించింది. నిజాం చివరి ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ బేగంపేటలో గృహనిర్బంధంలో ఉండి, 1950 మార్చిలో కాపలా కళ్ళు గప్పి బొంబాయి చేరి, అక్కడి నుంచి సాధారణ ప్రయాణికునిలా విమానమెక్కి కరాచీలో దిగాడు. దేశం నుంచి తప్పించుకోవడానికి అంత మామూలు దారి ఉండటమే ఆనాటి స్థితికి నిదర్శనం. ఆ రెండు విమానాశ్రయాలు ఇంకా పొరుగు ఊళ్ళే.

ఆ పొరుగుతనం తరిగింది గాలిలో కాదు, కాగితం మీద. 1948 జూలైలో భారత ప్రభుత్వం పాకిస్తాన్ నుంచి వచ్చేవారికి పర్మిట్ తప్పనిసరి చేసింది; అదే ఏడు అక్టోబరులో పాకిస్తాన్ కూడా అదే పద్ధతి చేపట్టింది. 1951లో పాకిస్తాన్ తన గడియారాన్ని భారత ప్రామాణిక కాలం నుంచి అరగంట వెనుకకు జరుపుకుంది. అంతవరకు రెండు ఊళ్ళ రైళ్ళూ టపా కార్యాలయాలూ అనుసరించినది ఒకే కాలాన్ని. 1952 అక్టోబరులో పాస్‌పోర్టు, వీసా పద్ధతి వచ్చింది. తొలి టపా విమానం ఎగిరిన అక్టోబరుకు సరిగ్గా ఇరవై ఏళ్ళు నిండాయి. డకోటా ప్రయాణానికి మూడున్నర గంటలు. ఆ ప్రయాణానికి అనుమతి పొందేందుకు ఎన్ని వారాలన్నది దరఖాస్తుదారు అదృష్టం. టైంటేబుల్‌లో ఈ రెండో కాలానికి గడి లేదు.

1965 సెప్టెంబరు యుద్ధంతో విమానాలూ నిలిచాయి. తాష్కెంటు ఒప్పందం తరువాత 1966లో ఒకరి విమానాలు మరొకరి భూభాగం మీదుగా ఎగిరే వీలు తిరిగి ఏర్పడింది. అదీ అయిదేళ్ళే. 1971 జనవరి 30న శ్రీనగర్ నుంచి బయలుదేరిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి 'గంగా' అనే ఫాకర్ విమానాన్ని దారి మళ్ళించి లాహోరులో దింపారు. ప్రయాణికులు క్షేమంగా బయటపడినా విమానాన్ని ఫిబ్రవరి 2న తగలబెట్టారు. భారత ప్రభుత్వం తన ఆకాశాన్ని పాకిస్తాన్ విమానాలకు మూసివేసింది. ఫలితంగా కరాచీ నుంచి ఢాకాకు, అంటే ఒకే దేశంలోని రెండు విమానాశ్రయాల మధ్య, సూటిగా 2,300 కిలోమీటర్ల పైచిలుకు దూరం సింహళం మీదుగా తిరిగేసరికి దాదాపు రెట్టింపైంది. ఆ ఏడాది తూర్పు బెంగాలుకు సైన్యాన్ని తరలించినది ఆ చుట్టుదారినే. డిసెంబరు నాటికి అది ఒకే దేశం కాకుండా పోయింది. ఆకాశం మూసివేతపై వచ్చిన వివాదం అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్ళి, 1972 ఆగస్టులో అధికారపరిధి ప్రశ్నపై తీర్పు వెలువడింది. అప్పటికే, జూలైలో, సిమ్లాలో రెండు దేశాలూ విమాన సంబంధాలను పునరుద్ధరించుకోవాలని అంగీకరించి ఉన్నాయి. ఆ అంగీకారం ఆచరణలోకి రావడానికి మరి నాలుగేళ్ళు పట్టింది. 1976 జూలైలో రైలూ విమానమూ తిరిగి కదిలాయి.

ఈ చరిత్రలో రెండుసార్లు పాత పుస్ మాత్ నీడ మళ్ళీ ఆ దారిలో పడింది. 1962లో ముప్పయి ఏళ్ళు నిండిన సందర్భంగాను, 1982లో స్వర్ణోత్సవానికి గాను జె.ఆర్.డి. టాటా అదే తరానికి చెందిన లెపర్డ్ మాత్ విమానంలో కరాచీ నుంచి బొంబాయికి ఎగిరి వచ్చారు. రెండోసారి ఆయన వయస్సు డెబ్బయి ఎనిమిది. రెండుసార్లూ పాకిస్తాన్ అధికారులు ఆదరించి సాగనంపారు. 1932లో స్వదేశంలోనే ఒక ఊరి నుంచి మరో ఊరికి చేసిన ప్రయాణం అది. దానిని తిరిగి చేయడానికి ఈసారి రెండు ప్రభుత్వాల అనుమతి అవసరమైంది.

సామాన్య ప్రయాణికులకు అంతటి ఆదరణ సంగతి అటుంచి, అనుమతే గగనం. వీసా దేశానికి కాక ఊళ్ళ పేర్లకు ఇచ్చే పద్ధతి. దిగిన ఊళ్ళో పోలీసు స్టేషనులో హాజరు వేయించుకోవాలి. 1970ల చివర కరాచీలో భారత కాన్సులేట్, బొంబాయిలో పాకిస్తాన్ కాన్సులేట్ తెరిచినప్పుడు ఉభయ నగరాల చుట్టాలకు కాస్త ఊరట కలిగింది. 1994లో కరాచీ కాన్సులేట్ మూతపడింది. అప్పటి నుంచి కరాచీవాసి దరఖాస్తు ఇస్లామాబాదు వెళ్ళాలి. గగనమార్గాన అది 1,100 కిలోమీటర్ల పైమాట. 870 కిలోమీటర్ల దక్షిణాన ఉన్న మేనత్తను చూడటానికి, అంతకన్న ఎక్కువ దూరం ఉత్తరానికి కాగితం ప్రయాణించి రావాలి.

2001 డిసెంబరులో పార్లమెంటు భవనంపై దాడి జరిగిన పిదప, 2002 జనవరి 1 నుంచి విమానాలు మళ్ళీ ఆగిపోయాయి. సరిగ్గా రెండేళ్ళు. ఆ కాలంలో కరాచీ నుంచి ముంబయికి రాదలచినవారికి అందుబాటులో ఉన్న దారి దుబాయి. కరాచీ నుంచి పడమరగా దుబాయికి దాదాపు 1,190 కిలోమీటర్లు. అక్కడి నుంచి తిరిగి తూర్పుగా ముంబయికి 1,930 కిలోమీటర్లు. వెరసి 3,100 కిలోమీటర్ల పైన. సూటి దూరానికి మూడున్నర రెట్లు. గాలిలో అయిదు గంటలు, మధ్యలో రెండో విమానం కోసం నిరీక్షణ కలుపుకుంటే ఎనిమిది, తొమ్మిది గంటలకు తక్కువ కాదు. గంటకు నూరు మైళ్ళ గుడ్డరెక్కల విమానం, ఎద్దుబండి తెచ్చిన ఇంధనం పోసుకుంటూ, పట్టించుకున్నది ఏడుంబావు గంటలు.

2004 జనవరి 1న సర్వీసులు తిరిగి మొదలయ్యాయి. ఈసారి వాటిని ఆపింది ప్రధానంగా ప్రయాణికుల కొరత. వీసాలు అరుదైతే విమానాలకు జనం ఎక్కడి నుంచి వస్తారు? ముందు భారతీయ సంస్థలు తప్పుకున్నాయి. వారానికి రెండు మూడుసార్లు నడిచిన పాకిస్తాన్ సంస్థ విమానం కూడా 2010ల చివరికి ముంబయి రావడం మానుకుంది. మూసివేతకు అప్పుడు ప్రకటన కూడా అవసరం లేకపోయింది. 2019 ఫిబ్రవరి 27న బాలాకోట్ దాడి అనంతరం పాకిస్తాన్ తన ఆకాశాన్ని మూసి, జూలై 16న తెరిచింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో యాత్రికుల హత్యాకాండ తరువాత పాకిస్తాన్ 24వ తేదీన భారత విమానాలకు, భారత్ 30వ తేదీన పాకిస్తాన్ విమానాలకు ఆకాశాన్ని నిషేధించాయి. ఢిల్లీ నుంచి ఐరోపాకు, అమెరికాకు వెళ్ళే విమానాలు ముందుగా నైరుతి దిశగా సముద్రం మీదికి వచ్చి, అటుపై ఉత్తరానికి తిరగవలసివచ్చింది. ఒకనాడు ఐరోపా టపాకు భారతదేశపు గుమ్మంగా నిలిచిన కరాచీని, ఐరోపాకు పోయే భారత విమానాలు దూరంగా చుట్టిపోవడం మొదలుపెట్టాయి.

విమానం ఎక్కే స్తోమత లేనివారికి కూడా ఈ దూరపు లెక్క తగలకపోలేదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వెళ్ళి అక్కడి పడవల మీద కూలికి పనిచేస్తుంటారు. వేరావల్ నుంచి కరాచీ 550 కిలోమీటర్లు. 2018 నవంబరులో వేటకు వెళ్ళినవారిని సరిహద్దు జలాల్లో పాకిస్తాన్ సముద్రరక్షక దళం పట్టుకుని కరాచీ జైలులో ఉంచింది. భార్యలు, తల్లులు ఊరి నుంచి అధికారుల చుట్టూ తిరిగారు. పద్నాలుగు నెలల తరువాత విడుదలైనప్పుడు వారిని సముద్రం మీద గాని, ఆకాశంలో గాని పంపే దారి లేదు. కరాచీ నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉత్తరాన ఉన్న లాహోరుకు తరలించి, 2020 జనవరి 6న ఇరవై మందిని వాఘా గేటు వద్ద అప్పగించారు. వారు నడిచి సరిహద్దు దాటి, ఢిల్లీ వచ్చి, అక్కడి నుంచి శ్రీకాకుళం తీరానికి బయలుదేరారు.